మూడు ముక్కల టేక్‌డౌన్ విల్లు: లింబ్‌లు బిగించడానికి ఏ బోల్ట్, ఏ నట్?

తుమ్మమొద్దు:

అందరికీ నమస్కారం. 64 అంగుళాల టేక్‌డౌన్ రికర్వ్ (ముక్కలుగా విప్పదీయగల, కొసలు గురి వైపుకు వంగిన విల్లు) చేస్తున్నాను. 28 అంగుళాలు లాగినప్పుడు 40 పౌండ్ల బరువు రావాలని లెక్క. రైజర్ (చేత్తో పట్టుకునే మధ్య ముక్క) బాగా ఆరిన నల్లతుమ్మ చేవ, పొడవు 18 అంగుళాలు. లింబ్‌లు (వంగే పై ముక్క, కింది ముక్క) వెదురు పొరలు, రెండు వైపులా ఫైబర్‌గ్లాస్. లింబ్ మొదలు వెడల్పు 45 మి.మీ., మందం లోపలి వెడ్జ్‌తో కలిపి 12 మి.మీ. రైజర్ మీద లింబ్ కూర్చునే ప్యాడ్ పొడవు 75 మి.మీ., అక్కడ రైజర్ మందం 40 మి.మీ. లింబ్ గురి వైపు నుంచి కూర్చుంటుంది, బోల్ట్ కూడా అటు నుంచే లోపలికి వెళ్తుంది.

గ్లూ పనులన్నీ అయ్యాయి. బెజ్జాలు మాత్రం ఇంకా వేయలేదు, అక్కడే ఆగాను. షాపులో ఎం6, ఎం8 (6, 8 మి.మీ. బోల్ట్‌లు), 5/16 అంగుళం మూడూ ఉన్నాయి. రైజర్‌లోకి ఇత్తడి ఇన్సర్ట్ వేయాలా, టీ నట్ (అంచుకు పళ్లుండే నట్టు) వేయాలా? ఒక్కో లింబ్‌కి ఒక బోల్ట్ సరిపోతుందా, రెండు కావాలా? లింబ్ పక్కకు జరగకుండా ఉంచే పిన్నులు ఎక్కడ పెట్టాలి? స్టెయిన్‌లెస్ తీసుకోవాలా, మామూలు నల్ల ఎలెన్ బోల్ట్ (తలలో ఆరు పలకల గుంట ఉండేది) చాలా? తల మీద చేత్తో తిప్పే నాబ్ ఉంటే బాగుంటుందని కూడా అనుకుంటున్నాను.

లేత్‌గది:

బోల్ట్ సైజు సంగతి చివర్లో చూద్దాం, ముందు దాని మీద ఎంత బరువు పడుతుందో లెక్కేయండి. 40 పౌండ్ల విల్లు అంటే బోల్ట్ మీద 40 పౌండ్లే అనుకుంటారు చాలామంది. అది నిజం కాదు.

స్ట్రింగ్ లాగినప్పుడు లింబ్ కొస మీ వైపు వస్తుంది. ప్యాడ్ బయటి అంచు, అంటే లింబ్ రైజర్‌ని వదిలి బయటికి వచ్చే చోటు, ఆనిక అవుతుంది. లింబ్ మొదలు ఆ ఆనిక మీద తిరిగి గురి వైపుకు లేవాలని చూస్తుంది. దాన్ని లేవకుండా పట్టేది బోల్ట్ ఒక్కటే. అంటే ఇదొక తులాదండం: ఒక వైపు దాదాపు 58 సెం.మీ. లింబ్, ఇంకో వైపు ఆనిక నుంచి బోల్ట్ దాకా ఉన్న నాలుగైదు సెం.మీ.

మీ కొలతలకు పూర్తి లాగుడులో స్ట్రింగ్ కోణం లెక్క కడితే ఆనిక చుట్టూ సుమారు 68 న్యూటన్ మీటర్ల మెలిక వస్తుంది. దాన్ని బోల్ట్ దూరంతో భాగించండి. బోల్ట్ ఆనికకు 30 మి.మీ. దూరంలో ఉంటే 230 కేజీల లాగుడు. 40 మి.మీ. అయితే 170. 50 మి.మీ. అయితే 140 కేజీలు. వదిలినప్పుడు పడే కుదుపు దీనికి అదనం. కాబట్టి మొదట తేల్చుకోవాల్సింది ఏ బోల్ట్ అన్నది కాదు, ఎక్కడ బోల్ట్ అన్నది. మీ 75 మి.మీ. ప్యాడ్‌లో ఆనిక నుంచి 50 మి.మీ. దగ్గర, అంటే లింబ్ మొదలు చివర నుంచి 25 మి.మీ. దగ్గర పెట్టండి.

ఇప్పుడు సైజు. తల మీద 8.8 అని అచ్చున్న ఎం8 బోల్ట్ రెండు టన్నుల పైన మోస్తుంది. ఎం6 కూడా ఒక టన్ను మోస్తుంది. బలం ఒక్కటే చూస్తే ఎం6 ధారాళంగా చాలు. అయినా ఎం8 తీసుకోండి, కారణం వేరే ఉంది: మర లోతు ఎక్కువ, మాటిమాటికీ విప్పి బిగించినా ఇత్తడి మర తొందరగా అరగదు, తల పెద్దది కాబట్టి కింద నలుగుడు తక్కువ. ఇంకా గట్టిదైన 12.9 గ్రేడ్ కోసం వెతకనక్కర్లేదు. ఇక్కడ బోల్ట్ తెగడం ఎక్కడా జరగదు. ఊడేది చెక్కలో నట్టు, నలిగేది తల కింద లింబ్.

ఆ నట్టు గురించి. మీరు చెప్పిన ఇత్తడి ఇన్సర్ట్, అదే బయట కూడా మర ఉండే గొట్టం, ప్యాడ్ ముఖం నుంచి లోపలికి తిప్పి పెడతారు. బోల్ట్ దాన్ని లాగేది సరిగ్గా అది లోపలికి వెళ్లిన దారిలోనే బయటికి. లాగిన ప్రతిసారీ చెక్క మర మీదే భారం. మెత్తటి చెక్కలో అది కొన్నాళ్లకు ప్యాడ్ కంటే పైకి ఉబ్బుతుంది, లింబ్ దాని మీద కూర్చుని ఊగుతుంది. నల్లతుమ్మ లాంటి గట్టి చెక్కలో ఇబ్బంది ఇంకోటి: బెజ్జం కాస్త చిన్నదైతే తిప్పేటప్పుడే నార వెంట పగులు వస్తుంది, లేదా స్క్రూడ్రైవర్ గాడి దగ్గర ఇత్తడి చీలిపోతుంది.

లాగేకొద్దీ చెక్కలోకి మరింత దిగే ఏర్పాటు కావాలి. అంటే నట్టు విలుకాడి వైపు నుంచి, వెనక నుంచి రావాలి. టీ నట్ అలాగే వాడొచ్చు, కానీ దాని పళ్లు తుమ్మలోకి దిగవు, కొడితే చెక్క చీలుతుంది. పళ్లను ఆకురాయితో తీసేసి, ఎపాక్సీ పెట్టి, అంచులో రెండు చిన్న స్క్రూలు వేస్తే సరి.

దానికన్నా నయం లేత్ మీద తిప్పించిన అంచు బుష్, అంటే ఒక కొసన వెడల్పాటి అంచు, లోపల మర ఉన్న గొట్టం. విజయవాడ ఆటోనగర్‌లో గానీ, హైదరాబాద్‌లో బాలానగర్, కుషాయిగూడ వైపు గానీ ఏ చిన్న లేత్ షాపులోనైనా చేస్తారు. కాగితం మీద బొమ్మ వేసి ఈ కొలతలు రాసివ్వండి: 25 మి.మీ. ఇత్తడి రాడ్, తల అంచు 25 మి.మీ. వ్యాసం 3 మి.మీ. మందం, ఒళ్లు 14 మి.మీ. వ్యాసం 22 మి.మీ. పొడవు, మధ్యలో ఆ కొస నుంచి ఈ కొసకు ఎం8 ట్యాప్. ఒంటి మీద రెండు మూడు సన్నటి గాళ్లు తిప్పమనండి, ఎపాక్సీ వాటిలో పట్టుకుంటుంది. తల అంచుకు ఒక పక్క ఆకురాయి పెట్టి చదును చేయండి, జిగురు వదిలినా బుష్ తిరగకుండా ఉంటుంది.

దీనికి ఎం8 × 50 ఎలెన్ బోల్ట్ సరిగ్గా సరిపోతుంది. వాషర్ 2, లింబ్ 12, బుష్ ముందు మిగిలిన చెక్క 14, మొత్తం 28. మిగతా 22 మి.మీ. ఇత్తడిలో ఉంటుంది. ఇత్తడిలో కనీసం 12 మి.మీ. పట్టు ఉండాలి, మీకు దండిగా ఉంది. ఇంకో లాభం: ఎం8 × 50 ఎలెన్ బోల్ట్‌కు మర 28 మి.మీ. మాత్రమే ఉంటుంది, తల దగ్గర 22 మి.మీ. నున్నగా ఉంటుంది. లింబ్ బెజ్జంలో ఆ నున్నటి భాగమే ఉండాలి. కొస దాకా మర ఉన్న బోల్ట్ వేస్తే అది బెజ్జాన్ని రంపంలా కోస్తుంది.

వర్షాకాలం తేమ చూసుకుంటే స్టెయిన్‌లెస్ బోల్ట్ ఇత్తడి బుష్‌లో హాయిగా నడుస్తుంది. స్టెయిన్‌లెస్ బోల్ట్, స్టెయిన్‌లెస్ నట్టు మాత్రం జత కట్టొద్దు, బిగిస్తుండగానే రెండూ కరుచుకుపోయి ఇక విడవవు. నల్ల ఎలెన్ బోల్ట్ అయితే మరకు కాస్త మైనం రాయండి.

నాబ్ వద్దు. షాపుల్లో దొరికేవాటిలో చాలావరకు జింక్ పోత తల, అందులో గుచ్చిన స్టడ్. ఆ స్టడ్ తల నుంచి ఊడొస్తుంది.

పాతకొయ్య:

లేత్‌గది గారు లేత్ షాపు దాకా పంపించేశారు. ఇంత అక్కర్లేదండీ. ఒక్కో లింబ్‌కి వరసగా రెండు ఎం6 బోల్ట్‌లు, రైజర్ గుండా అవతలికి, వెనక పెద్ద వాషర్, నట్టు. అయిపోయింది. పిన్నులతో పనే లేదు, రెండు బోల్ట్‌లే లింబ్‌ని తిన్నగా నిలబెడతాయి. ఒకటి లూజైనా ఇంకోటి ఉంటుంది. పాత ఇంట్లో తయారీ విళ్లు ఎన్నో ఇలాగే ఉంటాయి. నట్టు బయటికి కనిపిస్తుందనే బాధ తప్ప లోటేమీ లేదు.

లేత్‌గది:

అవతలి దాకా బోల్ట్ పోనిచ్చి వెనక నట్టు వేయడం చాలా గట్టి పద్ధతే, అందులో తేడా లేదు. లేత్ షాపు దూరమైతే అదే చేయండి. చేతికి, మణికట్టుకు తగలకుండా నట్టును చెక్కలోకి దించితే చాలు.

రెండు బోల్ట్‌లు వరసగా వేయడం దగ్గరే నా అభ్యంతరం. లింబ్ వంపు భారం ఆనిక దగ్గర అన్నిటికన్నా ఎక్కువ. అక్కడి నుంచి బోల్ట్ వైపు వచ్చేకొద్దీ తిన్నగా తగ్గుతూ, బోల్ట్ దగ్గరకు వచ్చేసరికి సున్నా అవుతుంది. అందుకే ఆ ఒక్క బోల్ట్ బెజ్జం వల్ల లింబ్ బలహీనపడదు. రెండో బోల్ట్ ఆనికకు దగ్గరగా వేశారనుకోండి, ఫైబర్‌గ్లాస్ అత్యంత బరువు మోసే చోట బెజ్జం పడింది. 45 మి.మీ. వెడల్పులో ఆరున్నర పోతుంది, పైగా బెజ్జం అంచు దగ్గర ఒత్తిడి రెండు మూడింతలు పేరుకుంటుంది. లింబ్ అడ్డంగా పగిలితే ఆ గీతలోనే. మరి ఆ బోల్ట్ మోసేదెంత అంటే దాదాపు ఏమీ లేదు, ఎందుకంటే తులాదండంలో దాని చేయి పొట్టిది. లోపలి బోల్ట్ లూజైన రోజు మాత్రం భారమంతా దాని మీద పడుతుంది. ఆనికకు 20 మి.మీ. దూరంలో ఉంటే 350 కేజీలు. ఒకటి పోతే ఇంకోటి ఉంటుందన్న భరోసా ఎంతటిదో చూసుకోండి.

ఇంకో మాట. బోల్ట్ చేత లింబ్‌ని తిన్నగా నిలబెట్టించొద్దు. ఎం6 బోల్ట్‌కు 6.5 బెజ్జం వేస్తాం. అంత ఖాళీతో రెండు బోల్ట్‌ల మధ్య 30 మి.మీ. దూరం ఉంటే లింబ్ కొస ఎంత జరుగుతుందో కింద ఎవరో ఒకరు లెక్క వేస్తారు.

సూత్‌కొలత:

వేద్దాం. ఖాళీని రెండు బోల్ట్‌ల (లేదా పిన్నుల) మధ్య దూరంతో భాగించి, లింబ్ పొడవు 580 మి.మీ.తో గుణించడమే. అర మిల్లీమీటరు ఖాళీ, 30 మి.మీ. దూరం: కొస దగ్గర దాదాపు 10 మి.మీ. స్ట్రింగ్ లింబ్ గాడిలో కూర్చోనే కూర్చోదు. బిగించిన ప్రతిసారీ ఒక్కో చోట నిలుస్తుంది కాబట్టి బాణం ఒక్కో రోజు ఒక్కో వైపు పోతుంది, జనం బాణం ఆనే రెస్ట్‌ని, బాణం గట్టిదనాన్ని తిట్టుకుంటూ ఉంటారు. అదే 0.05 మి.మీ. ఖాళీతో కూర్చునే పిన్నులు 28 మి.మీ. దూరంలో ఉంటే కొస దగ్గర తేడా ఒక మిల్లీమీటరు.

పిన్నులు ఎక్కడ అని అడిగారు కదా. బోల్ట్‌కి బయటి వైపు, ఆనిక వైపు పెడితే పైన చెప్పిన బెజ్జం గొడవే వస్తుంది. లోపలి వైపు, అంటే లింబ్ మొదలు చివరి వైపు ఒక్క పిన్ పెడితే బోల్ట్‌కి దానికి మధ్య 13, 15 మి.మీ. కంటే దూరం దొరకదు. కాబట్టి రెండు పిన్నులు పక్కపక్కనే పెట్టండి: మొదలు చివర నుంచి 12 మి.మీ. దగ్గర, అడ్డంగా ఒకదానికొకటి 28 మి.మీ. దూరంలో, మధ్య గీతకు అటు 14, ఇటు 14. అక్కడ లింబ్ మీద వంపు భారం లేదు. 5 మి.మీ. డవెల్ పిన్నులు తీసుకోండి, బేరింగులు అమ్మే షాపుల్లో గ్రైండింగ్ చేసినవి దొరుకుతాయి. మామూలు మేకును కోసి పెడితే అది గుండ్రంగా ఉండదు.

పిన్ రైజర్‌లో 20 మి.మీ. దిగాలి, ప్యాడ్ మీద 7 మి.మీ. లేవాలి. లింబ్‌లో బెజ్జం అవతలికి పోకుండా 8 మి.మీ. దగ్గర ఆపండి. పిన్ తల కాస్త గుండ్రంగా అరగదీస్తే లింబ్ సులువుగా కూర్చుంటుంది. వెదురులో ఉత్త బెజ్జం త్వరగా పెద్దదవుతుంది. లోపల పలుచటి ఇత్తడి గొట్టం ముక్క ఎపాక్సీతో వేయండి, లోపలి వ్యాసం పిన్‌కు సరిగ్గా ఉండాలి.

ఇక 5/16 సంగతి. షాపులో రెండున్నర సూత్ అని ఇచ్చేది అదే. వ్యాసం 7.94 మి.మీ., చూపుకు ఎం8కి కవల. మర దూరం మాత్రం అంగుళానికి 18, అంటే 1.41 మి.మీ.; ఎం8కి 1.25. ఎం8 బుష్‌లో రెండున్నర సూత్ బోల్ట్ మూడు నాలుగు చుట్లు వెళ్లి బిగుసుకుంటుంది. బిగిసిందిలే అనుకుని ఇంకాస్త తిప్పితే ఇత్తడి మర అంతటితో సరి. కాబట్టి బోల్ట్, ట్యాప్ రెండూ ఒకే షాపులో, ఒకే రోజు, జత చూసి కొనండి. సికింద్రాబాద్ రాణీగంజ్ లాంటి చోట అన్ని రకాలూ ఒకే కౌంటర్ మీద ఉంటాయి కాబట్టి కలగాపులగం కావడానికీ అక్కడే అవకాశం ఎక్కువ.

తుమ్మమొద్దు:

చాలా ఉపయోగపడింది. ఎం8, అంచు బుష్, రెండు పిన్నులు ఖాయం చేసుకున్నాను. రెండు సందేహాలు మిగిలాయి. ఒకటి, లింబ్ మొదలు ఒకే మందం లేదు. చివర 13 మి.మీ., 50 మి.మీ. అవతల 11. వాషర్ పెడితే ఒక పక్కే ఆనుతోంది. రెండు, బెజ్జాలు ఏ వరసలో వేయాలి? ముందు పిన్నులా, బోల్టా? నా రైజర్ వెనక ముఖం ప్యాడ్‌కు సమాంతరంగా లేదు, ఏటవాలుగా ఉంది.

సూత్‌కొలత:

వాలు: 50కి 2 అంటే రెండు డిగ్రీల పైచిలుకు. 25 మి.మీ. వాషర్ కింద ఒక పక్క 1 మి.మీ. ఖాళీ. వినడానికి చిన్నదే కానీ వదిలేయకండి. తల ఒక అంచు మీదే కూర్చుంటే అక్కడ ఫైబర్‌గ్లాస్ నలిగి తెల్లబడుతుంది, బిగించేకొద్దీ బోల్ట్ వంగుతుంది. 3 మి.మీ. ఇత్తడి లేదా అల్యూమినియం రేకు ముక్కను ఆకురాయితో వాలుగా, ఒక పక్క 2, ఇంకో పక్క 1 వచ్చేలా అరగదీసి, లింబ్ మీదే ఎపాక్సీతో అంటించండి. పలుచని వైపు లింబ్ మొదలు చివరి వైపు ఉండాలి. దాని మీద మామూలు వాషర్, ఆ పైన బోల్ట్ తల. గిన్నె ఆకారపు జంట వాషర్లు దొరికితే ఇంకా మంచిది, అవి వాటంతటవే సర్దుకుంటాయి.

వాషర్ పెద్దదే ఉండాలి. ఎం8 ఎలెన్ తల వ్యాసం 13 మి.మీ., ఉత్తదే వేస్తే చదరపు మిల్లీమీటరుకు 25 న్యూటన్ల నలుగుడు. మామూలు 16 మి.మీ. వాషర్‌తో 13. 25 మి.మీ. వెడల్పు వాషర్‌తో నాలుగున్నర. వెదురుకు మూడోదే క్షేమం. వెడల్పుతో పాటు మందం కూడా 2 మి.మీ. ఉండాలి, రేకులాంటిది గిన్నెలా వంగిపోతుంది.

బెజ్జాల వరస. రైజర్‌లో బోల్ట్ బెజ్జం ముందు, పిన్నులు ఆఖర్న. ఎందుకంటే లింబ్ తిన్నగా ఉందో లేదో స్ట్రింగ్ కట్టి చూశాకే పిన్నులు దాన్ని అక్కడ కట్టేయాలి. ముందే పిన్నులు వేస్తే తప్పుకు తాళం వేసినట్టే.

డ్రిల్ స్టాండ్ లేకుండా ఈ పని ముట్టుకోవద్దు. చేతి డ్రిల్‌తో రెండు డిగ్రీలు తప్పడం కంటికి తెలియదు. రైజర్ కింద వాలు చెక్క పెట్టి ప్యాడ్ ముఖాన్ని మట్టంగా తెచ్చుకోండి. ప్యాడ్ మీంచి 3 మి.మీ. బెజ్జం అవతలికి వేయండి. అది దారి చూపే బెజ్జం. ఇప్పుడు రైజర్ తిప్పి, ప్యాడ్‌ని టేబుల్ మీద బోర్లించి, వెనక నుంచి బుష్ తల గుంట వేయాలి. మీ వెనక ముఖం ఏటవాలు అన్నారు, ఫోర్స్ట్‌నర్ బిట్ (అడుగు చదునుగా ఉండే గుంట తవ్వేది) ఒక అంచుతోనే తగిలి పక్కకు జారుతుంది. అదే వాలులో కోసిన పనికిరాని చెక్క ముక్కను డబుల్ టేప్‌తో అంటించి, పైభాగం మట్టం చేసి, దాని గుండా దించండి.

ముందు పెద్ద బెజ్జం, తర్వాత చిన్నవి: 25.5 మి.మీ. గుంట ఏటవాలులో పల్లపు వైపు కనీసం 4 మి.మీ. లోతు, తర్వాత 14 మి.మీ. బెజ్జం ఆ గుంట అడుగు నుంచి 22, ఆ తర్వాత 8.5 అవతలికి. ఈ వరస తిప్పితే పెద్ద బిట్ మధ్య ముల్లుకు ఆనడానికి చెక్క మిగలదు. అవతలి ముఖం పెచ్చు లేవకుండా కింద ఇంకో చెక్క ఒత్తి పెట్టండి.

బుష్ అంటించేటప్పుడు బోల్ట్‌కు మైనం పట్టించి, దాన్ని ప్యాడ్ వైపు నుంచి బుష్‌లోకి బిగించి ఉంచండి. తిన్నగా నిలుస్తుంది, మరలోకి ఎపాక్సీ పోదు. అయిదు నిమిషాల ఎపాక్సీ వద్దు, రాత్రంతా ఆరే మామూలు ఆరల్డైట్ వాడండి. తొందర రకం ఎండకు, కుదుపుకు త్వరగా వదులుతుంది. ఇత్తడిని గరుకు కాగితంతో రుద్ది అసిటోన్‌తో తుడవడం మరవకండి. రైజర్ టేకు అయ్యుంటే చెక్కను కూడా తుడవాల్సి వచ్చేది, దాని నూనె జిగురును పట్టనివ్వదు. తుమ్మకు ఆ బాధ లేదు.

లింబ్‌లో బోల్ట్ బెజ్జం 8.5. ఫైబర్‌గ్లాస్ మీద టేప్ అంటించి, సగం పైనుంచి సగం కిందనుంచి వేయండి. గాజు పొడి గొంతులోకి పోకుండా మాస్క్, చేతులకు పొడవు చొక్కా.

తర్వాత లింబ్‌లు రెండూ పెట్టి బోల్ట్‌లు సగం బిగించండి. పొడవాటి స్ట్రింగ్ కొసలకు తగిలించి, లింబ్‌లు దాదాపు వంగకుండా తేలిగ్గా బిగుసుకునేలా కట్టండి. వెనక నుంచి చూస్తే స్ట్రింగ్ రెండు లింబ్‌ల మధ్య గీతల మీదుగా, రైజర్ మధ్య గీత మీదుగా పోవాలి. లింబ్ మొదలును చెక్క సుత్తితో మెల్లగా తట్టుతూ సర్దండి. కుదిరాక బోల్ట్ బిగించి, ప్యాడ్ పక్కన సీ క్లాంప్ కూడా వేసి, లింబ్ పైనుంచి రెండు పిన్నుల చోట 2 మి.మీ. బెజ్జాలు లింబ్ గుండా రైజర్‌లోకి దించండి. విప్పాక రైజర్‌లో వాటిని 5కి పెంచండి. లింబ్‌లో అడుగు వైపు నుంచి గొట్టం బయటి వ్యాసానికి పెంచండి. పైన మిగిలిన 2 మి.మీ. చుక్కలను ఎపాక్సీ, చెక్కపొడి కలిపి పూడ్చేయండి. లింబ్‌లకు పైది, కిందది అని గుర్తు పెట్టండి, ఇక అవి మారకూడదు.

రాతిపలక:

ఎవరూ అనలేదు కాబట్టి: దుకాణంలో కొన్న ఐఎల్ఎఫ్ (వేర్వేరు కంపెనీల లింబ్‌లు, రైజర్‌లు ఒకదానికొకటి కుదిరే ప్రామాణిక బిగింపు) లింబ్‌లు రేపెప్పుడైనా తగిలించాలనుకుంటే ఈ ఏర్పాటు పనికిరాదు. ఐఎల్ఎఫ్‌లో లింబ్ మొదలుకు యూ ఆకారపు గాడి ఉంటుంది, అది బోల్ట్ తల కిందకు జారుతుంది. అడుగున డవ్‌టెయిల్ ముక్క రైజర్ గాడిలో చిక్కుకుంటుంది. స్పానర్ లేకుండా తగిలించొచ్చు, తీయొచ్చు. బోల్ట్‌ను తిప్పి బరువు సుమారు పది శాతం దాకా, రెండు లింబ్‌ల సమతూకం కూడా మార్చుకోవచ్చు. చెక్క రైజర్‌కు తగిన బోల్ట్‌లు, డవ్‌టెయిల్ గాడి ముక్కలు విడిగా అమ్ముతారు. అయితే కోణం, గాడి స్థానం ముందే కుదరాలి, లింబ్ చేతిలో పెట్టుకుని కొలిచి కోయాలి. లింబ్‌లు కూడా మీరే చేసుకున్నప్పుడు ఆ శ్రమకు ఫలితం లేదు.

పాతకొయ్య:

వంపు భారం బోల్ట్ దగ్గర సున్నా అన్న మాట ఒప్పుకుంటున్నాను, బెజ్జం ఆనిక దగ్గర వద్దు. అయినా ఒక బోల్ట్ లూజైతే లింబ్ మొహం మీదకు వస్తుందన్న భయం పోలేదు. దానికేం చేస్తారు?

లేత్‌గది:

స్ట్రింగ్ ఎక్కించి ఉన్నంత సేపూ బోల్ట్ మీద లాగుడు ఉంటుంది, కాబట్టి అది ఒక్కసారిగా ఊడిరాదు. నెమ్మదిగా వదులవుతుంది, దానికి ముందు చప్పుడు మారుతుంది. వదిలినప్పుడు టక్ మని పొడి చప్పుడు వస్తే ఆపి చూడాలి. మర 22 మి.మీ. పట్టు ఉంది, అంటే పదిహేడు చుట్లు. అన్ని చుట్లు ఎవరూ గమనించకుండా తిరగడం కష్టం.

అసలు వదులయ్యే కారణం సాధారణంగా బోల్ట్ తిరగడం కాదు, చెక్క కుంగడం. తాజాగా బిగించిన వాషర్ కింద వెదురు, ప్యాడ్ మీద తుమ్మ, కొత్త ఎపాక్సీ అన్నీ కాస్త కాస్త సర్దుకుంటాయి, బిగువు పోతుంది. మొదటి ఇరవై బాణాల తర్వాత ఒకసారి, యాభై తర్వాత ఒకసారి, ఆపైన స్ట్రింగ్ ఎక్కించే ప్రతిసారీ కీ పెట్టి చూడండి. తల కింద చిన్న రబ్బరు ఓ రింగ్ వేస్తే తిరగడం కూడా తగ్గుతుంది. మర జిగురు వేయొద్దు, ఇది రోజూ విప్పేది.

ఎంత బిగించాలి అంటే 3 న్యూటన్ మీటర్లు. ఎలెన్ కీ మీద బోల్ట్ నుంచి పది సెం.మీ. దూరంలో మూడు కేజీల బలం. దానికి బోల్ట్‌లో దాదాపు 190 కేజీల బిగువు వస్తుంది, పూర్తి లాగుడులో వచ్చే 140 కంటే ఎక్కువ, కాబట్టి లింబ్ మొదలు ప్యాడ్‌ని వదలదు. గొట్టం తొడిగి బలమంతా పెడితే లింబ్ నలగడం తప్ప లాభం లేదు. బిగించేది స్ట్రింగ్ దించి ఉన్నప్పుడే.

ఇంకోటి, ప్యాడ్ బయటి అంచును పదునుగా వదిలేయకండి. 3 మి.మీ. గుండ్రం చేయండి. పదునుంటే లింబ్ అడుగు ఫైబర్‌గ్లాస్ మీద అడ్డంగా తెల్ల గీత పడుతుంది, కొన్నాళ్లకు పొర లేస్తుంది. ప్యాడ్ మొత్తం చదునుగా ఉండాలి. మధ్యలో ఉబ్బు ఉంటే లింబ్ దాని మీద ఊగుతుంది, ఆనిక లోపలికి జరిగి బోల్ట్ దూరం తగ్గిపోతుంది. మొదట్లో 50 అనుకున్నది 30 అయిపోతుంది, 140 కేజీలు 230 అయిపోతాయి. గాజు పలక మీద గరుకు కాగితం అంటించి ప్యాడ్‌ని దాని మీద రుద్దితే ఉబ్బు ఎక్కడుందో తెలుస్తుంది. ముందు పెన్సిల్‌తో గీతలు గీసుకోండి, చెరిగిన చోటల్లా ఎత్తు.

తుమ్మమొద్దు:

అర్థమైంది. చేతితో లాగే ముందు పరీక్ష ఎలా చేయాలి?

సూత్‌కొలత:

రైజర్‌ని గోడకు బిగించిన చెక్క దిమ్మె మీద పెట్టి, స్ట్రింగ్‌ని కప్పీ మీదుగా తాడుతో దూరం నుంచి లాగండి, మీరు పక్కన నిలబడండి. స్ట్రింగ్ వెళ్లే గీతలో ఎవరూ ఉండకూడదు. ముందు 15 అంగుళాలు, పదిసార్లు. తర్వాత 20, తర్వాత 24, ఆఖర్న 28. ఒక్కో మెట్టు దగ్గర లాగి పట్టుకుని, తాడు కట్టేసి, ఇంకొకరి చేత అద్దాలు పెట్టుకుని పక్క నుంచి లింబ్ మొదలు కింద 0.05 మి.మీ. ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకు) దూర్చి చూడమనండి. దూరకపోతే బిగువు సరిపోయింది. దూరితే దించి, ప్యాడ్ చదును ముందు చూడండి, బోల్ట్ బిగింపు తర్వాత. గేజ్ లేకపోతే పలుచటి రసీదు కాగితం లింబ్ బిగించేటప్పుడే మొదలు చివర కింద పెట్టి, లాగి ఉన్నప్పుడు దాని కొసను లాగండి. కదిలితే లేచినట్టే.

బాణం లేకుండా ఖాళీ స్ట్రింగ్‌ని ఎట్టి పరిస్థితిలోనూ వదలకండి, పరీక్ష పేరుతో కూడా. తాడు నెమ్మదిగా దించండి. అంతా అయ్యాక బోల్ట్‌లు విప్పి వాషర్ చోట, బెజ్జం అంచుల్లో, ఆనిక గీత మీద తెల్ల మచ్చ ఉందేమో టార్చి పక్క నుంచి వేసి చూడండి. పిన్ గొట్టాల్లో లింబ్‌ని చేత్తో అటూ ఇటూ కదిపితే కదలిక తగలకూడదు. వెనక బుష్ తల గుంటను చెక్క బిళ్లతో మూయడం ఈ పరీక్ష తర్వాతే చేయండి, బుష్ చుట్టూ ఎపాక్సీ గీత విడిందేమో చూడటానికి అది తెరిచి ఉండాలి.